నొప్పి లేదని ఆ గాయాన్ని వదిలేయకండి

ప్రశ్న: నా వయసు 58. ఎనిమిదేళ్లుగా షుగర్ ఉంది. పది రోజుల కింద పొలంలో అరికాలికి మేకు గుచ్చుకుంది. పసుపు పెట్టాను. ఇంట్లో మిగిలిన యాంటీబయాటిక్ మాత్రలు మూడు రోజులు వేసుకుని, తగ్గినట్టు అనిపిస్తే ఆపేశాను. నొప్పి లేదు గానీ వాపు ఉంది, కాస్త నీరు కారుతోంది. మా తాత ఏ మందూ లేకుండా 96 ఏళ్లు బతికారు. పాతకాలం వాళ్లు మనకంటే ఆరోగ్యంగా ఉండేవారు కదా? – ఖమ్మం జిల్లా పాఠకుడు

జవాబు: తాతగారి సంగతి తర్వాత. ముందు మీ కాలు.

షుగర్ ఉన్నవాళ్లలో చాలామందికి పాదంలో నరాలు దెబ్బతిని స్పర్శ తగ్గుతుంది. లోపల చీము పట్టినా నొప్పి తెలియదు. కాబట్టి నొప్పి లేకపోవడమే నన్ను ఎక్కువ భయపెడుతోంది. చూడకుండా ఖాయంగా చెప్పలేను గానీ, పది రోజులైనా వాపు, నీరు ఉన్నాయంటే ఇన్ఫెక్షన్ లోతుకు వెళ్లి ఉండొచ్చు. ఎముక దాకా వెళ్లిందేమో ఎక్స్‌రే తీసి చూడాలి. ధనుర్వాతం టీకా గురించి మీరు రాయలేదు. అదీ డాక్టర్‌ను అడగండి.

మీ తాతగారి తోబుట్టువులు ఎంతమంది పుట్టారో, ఎంతమంది పెద్దయ్యారో ఇంట్లో పెద్దవాళ్లను అడిగి చూడండి. స్వాతంత్ర్యం వచ్చేనాటికి మన దేశంలో సగటు ఆయుర్దాయం సుమారు 32 ఏళ్లు. ఇప్పుడు 70 దగ్గర ఉంది. అప్పుడూ 90 దాటినవాళ్లు ఉన్నారు. కానీ మశూచి, కలరా, పురిటి జ్వరం, చిన్న గాయాలు కూడా ఎంతోమంది పసిపిల్లల్ని, బాలింతల్ని, వయసులో ఉన్నవాళ్లని తీసుకుపోయాయి. వాళ్ల ఫొటోలు మన గోడల మీద ఉండవు.

1941లో ఆక్స్‌ఫర్డ్‌లో ఆల్బర్ట్ అలెగ్జాండర్ అనే 43 ఏళ్ల పోలీసుకు ముఖం మీద గాయం చీము పట్టి ఒంటికి పాకింది. ఒక కన్ను తీసేయాల్సి వచ్చింది. అప్పుడే తయారవుతున్న పెనిసిలిన్ ఇస్తే జ్వరం తగ్గింది, అన్నం తినగలిగాడు. ఐదు రోజులకు మందు నిండుకుంది. ఆయన మూత్రం నుంచి కూడా మందు తీసి మళ్లీ ఎక్కించారు. అయినా చాలలేదు, ఇన్ఫెక్షన్ తిరగబెట్టి మార్చిలో చనిపోయాడు. మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారి పర్యవేక్షణలో తయారైన ఆరియోమైసిన్ అనే యాంటీబయాటిక్ కూడా 1948లో గానీ బయటకు రాలేదు.

ఆ పోలీసుకు మందు దొరక్క వైద్యం ఆగింది. మీకు వీధి చివర మెడికల్ షాపు ఉండి కూడా మీరే ఆపేశారు! కోపంతో అనడం లేదు, ఇలా ఆపేసి కాలి వేళ్లు పోగొట్టుకున్నవాళ్లను చూసి అంటున్నాను. ఎవరికో, ఎప్పుడో రాసిన మాత్రలు మీ గాయానికి సరిపడవు. అరకొరగా వాడితే సూక్ష్మక్రిములు పూర్తిగా చావకపోవచ్చు, మందుకు లొంగకుండా మొండికేయొచ్చు. ఏ మందు, ఎన్ని రోజులన్నది చూసిన డాక్టరే చెప్పాలి.

రేపటికి వాయిదా వేయకుండా ఈరోజే సర్జన్‌కు చూపించండి. జ్వరం, దుర్వాసన, చర్మం నల్లబడటం, ఎరుపు పైకి పాకడం, దవడ బిగుసుకోవడం – వీటిలో ఏది కనిపించినా నేరుగా ఎమర్జెన్సీకి వెళ్లండి. పసుపు ఆపేయండి. వేడినీళ్ల కాపడం వద్దు, కాలినా మీకు తెలియదు. చెప్పుల్లేకుండా నడవొద్దు. వెళ్లేటప్పుడు షుగర్ రిపోర్టులతో పాటు ఆ మాత్రల ఖాళీ స్ట్రిప్ కూడా తీసుకెళ్లండి.