తొట్టిలో నీటి కఠినత్వం గురించి

చిరంజీవికి ఆశీస్సులు.

మోలీ చేపలు రెక్కలు ముడుచుకుని ఉన్నచోటనే ఊగుతున్నాయనీ, టీడీఎస్ మీటరు 300 చూపిస్తోంది కాబట్టి నీళ్లు కఠినమైనవేనని అనుకుంటున్నాననీ రాశావు. ఆ మీటరు నీటిలో కరిగిన లవణాలన్నింటినీ కలిపి అంచనా వేస్తుందే తప్ప, వాటిలో కాల్షియం, మెగ్నీషియం ఎంతో చెప్పలేదు. మీ ఇంటి నీళ్లు మెత్తబరిచే యంత్రం గుండా వస్తాయని నువ్వే అన్నావు. ఆ యంత్రం కాల్షియం, మెగ్నీషియాలను పట్టుకుని వాటికి బదులు సోడియంను వదులుతుంది కనుక, కఠినత్వం దాదాపు పూర్తిగా పోయినా మీటరులో అంకె అలాగే నిలుస్తుంది. మోలీలకు, గప్పీలకు కావలసినవి సరిగ్గా ఆ పోయిన ఖనిజాలే. నా అనుమానమంతా అక్కడే ఉంది.

ముందుగా చుక్కలతో పరీక్షించే కిట్ తెచ్చుకో. అందులో జీహెచ్, కేహెచ్ అని రెండు సీసాలు ఉంటాయి. జీహెచ్ అంటే కాల్షియం, మెగ్నీషియాల మొత్తం. కేహెచ్ అంటే ఆమ్లాన్ని అడ్డుకునే కార్బనేట్, బైకార్బనేట్‌ల బలం. చాలా కిట్లలో 5 మిల్లీలీటర్ల నీటిలో రంగు మారేదాకా వేసిన ఒక్కో చుక్క ఒక డిగ్రీ. ఒక డిగ్రీ అంటే లీటరుకు సుమారు 17.8 మిల్లీగ్రాముల కాల్షియం కార్బనేట్‌తో సమానం. ప్రతి చుక్కకూ గొట్టాన్ని బాగా కుదిపి, వెనుక తెల్ల కాగితం పెట్టి చూడు. తొందరపడితే రంగు మారిన చుక్క ఏదో తెలియదు.

అందరూ జీహెచ్ గురించే మాట్లాడుతారు గానీ, నన్ను దెబ్బతీసింది కేహెచ్. చేపల వ్యర్థాలను బ్యాక్టీరియా నైట్రేట్‌గా మార్చేటప్పుడు ఆమ్లం పుడుతుంది, దాన్ని అణచడానికి కేహెచ్ కొద్దికొద్దిగా ఖర్చవుతూ ఉంటుంది. మొదటి నుంచీ మెత్తగా ఉండే నీళ్లున్న నా టెట్రా చేపల తొట్టిలో నెలల తరబడి నీళ్లు మార్చకపోవడంతో కేహెచ్ సున్నాకు చేరింది, పీహెచ్ (ఆమ్లం పెరిగే కొద్దీ తగ్గే అంకె) 6 కన్నా కిందికి జారింది, బ్యాక్టీరియా మందగించి అమ్మోనియా పేరుకుంది. అంత ఆమ్లంలో అది పెద్దగా హాని చేయని అమ్మోనియం రూపంలో ఉంటుంది కాబట్టి చేపలు హాయిగానే తిరిగాయి. ఒకనాడు మంచి పని చేస్తున్నాననుకుని సగం నీళ్లు ఒక్కసారిగా మార్చాను. పీహెచ్ పెరగడంతో అదే పదార్థం విషపు అమ్మోనియాగా మారి, గంటలో చేపలన్నీ పైకి తేలి నోళ్లు తెరిచాయి. అప్పటి నుంచి వారానికి పది, ఇరవై శాతానికి మించి మార్చడం లేదు.

నీళ్లు ఆవిరైనప్పుడు ఖనిజాలు తొట్టిలోనే మిగులుతాయని కూడా గుర్తుంచుకో. తగ్గిన మేరకు మళ్లీ కఠినమైన నీళ్లే పోస్తూ పోతే అంకె పెరుగుతూనే ఉంటుంది. ఆ లోటుకు ఖనిజాలు దాదాపు తీసేసిన ఆర్‌వో నీళ్లు పోయడం మేలు.

ఇప్పుడు నువ్వు చేయవలసిందల్లా యంత్రానికి ముందున్న కుళాయి నుంచి నీళ్లు పట్టి, వాటినీ పరీక్షించి, వారం వారం కొద్దిగా తొట్టిలోకి మార్చుకోవడం. ఆ నీళ్లూ మెత్తగానే ఉంటే, నలిపిన పగడపు ముక్కలు ఒక గుప్పెడు గుడ్డసంచిలో కట్టి ఫిల్టరులో ఉంచు. అవి జీహెచ్, కేహెచ్ రెండింటినీ నెమ్మదిగా పెంచుతాయి. నియాన్ టెట్రాలను కూడా తెస్తానన్నావు, అవి మెత్తని నీటి చేపలు; మోలీలతో ఒకే తొట్టిలో పెట్టడం నాకు ఇష్టం లేదు.

రెండు కుళాయిల అంకెలూ, తొట్టి అంకెలూ రాసి పంపు.

ఇట్లు,
నీ పెదనాన్న