రిఫరెన్సులు లెక్కపెట్టే ముందు

చిరంజీవి చిన్నికి పెదనాన్న దీవెనలు.

ఏ శాస్త్రం వాళ్లు ఏ శాస్త్రాన్ని ఉదహరిస్తున్నారు, ఆ తీరు కాలంతో ఎలా మారింది అన్నది నీ పీహెచ్‌డీ టాపిక్ అని మీ అమ్మ చెప్పింది. చాలా సంతోషమేసింది. డేటా అప్పుడే దించేశావట, అందుకే వెంటనే రాస్తున్నాను.

ముందు ఆ డేటా పుట్టుక తెలుసుకో. సైటేషన్ ఇండెక్స్, అంటే ఒక పేపర్‌ను తర్వాత ఏ పేపర్లు ఉదహరించాయో చూపే సూచిక. ఆ ఆలోచనను సమాచార శాస్త్రవేత్త యూజీన్ గార్‌ఫీల్డ్ 1955లో ప్రచురించారు. పాత తీర్పు ఇంకా చెల్లుతుందో లేదో చూసుకోవడానికి అమెరికా లాయర్లు వాడే పుస్తకాలే ఆయనకు దారి చూపాయి. సైన్స్ ఇండెక్స్ 1960లలో వచ్చింది, సాంఘిక శాస్త్రాలది 1970లలో. వాటిలో కొత్త జర్నల్స్ ఇప్పటికీ చేరుతూనే ఉన్నాయి. నా వయసులో నేను ఎకనామిక్స్ నుంచి గణితానికి సైటేషన్లు పెరిగాయని గ్రాఫ్ గీసి సెమినార్‌లో గర్వంగా చూపించాను. ‘ఆ ఏళ్లలో కొత్తగా ఎన్ని జర్నల్స్ చేరాయి?’ అని ఒక పెద్దాయన అడిగితే నోట మాట రాలేదు. మొదటి నుంచీ ఉన్న జర్నల్స్‌తోనే మళ్లీ లెక్కేస్తే ఆ పెరుగుదల సగం కూడా మిగల్లేదు. నువ్వు రెండు లెక్కలూ వెయ్యి. రిఫరెన్సుల జాబితాలు కూడా ఏటేటా పొడవవుతున్నాయి కాబట్టి సంఖ్య కాదు, వాటా చూడు.

జర్నల్ పేరు చూసి శాఖ నిర్ణయించకు. గణాంక శాస్త్రవేత్త కార్ల్ పియర్సన్ 1901లో రాసిన ప్రిన్సిపల్ కాంపొనెంట్స్ (ఎన్నో కొలతలను కొద్దింటికి కుదించే పద్ధతి) పేపర్ ‘ఫిలసాఫికల్ మ్యాగజైన్’లో వచ్చింది. అది ఫిజిక్స్ పత్రిక! దశాబ్దాల పాటు ఆ పేపర్‌ను పట్టించుకున్నవాళ్లు తక్కువ. కంప్యూటర్లు, పెద్ద డేటా వచ్చాక ఎన్నో శాఖలవాళ్లు దాన్ని వెతుక్కుంటూ వచ్చారు. ఐదేళ్ల సైటేషన్లే లెక్కిస్తే ఇలాంటివి నీకు కనబడనే కనబడవు.

సైటేషన్ లేనంత మాత్రాన సంబంధం లేదనుకోకు. పేరొచ్చిన పేపర్‌కే మళ్లీ మళ్లీ సైటేషన్లు ఎందుకు పడతాయో సైన్స్ చరిత్రకారుడు డెరెక్ ప్రైస్ 1976లో ఒక సమాచార శాస్త్ర పత్రికలో లెక్కకట్టి చూపారు. 1999లో బరబాసి, ఆల్బర్ట్ అనే భౌతికశాస్త్రవేత్తలు నెట్‌వర్క్‌ల విషయంలో అదే సూత్రాన్ని తమంతట తాము మళ్లీ కనుక్కున్నారు. రెండు శాఖలూ ఒకే చోటికి చేరినా, ఏ శాఖ ఏ శాఖను ఉదహరించిందో చూపే నీ పట్టికలో ఆ రెంటి గడి చాలాకాలం ఖాళీగానే ఉంటుంది.

అందుకే ఒక్కో గడి నుంచి ఓ ముప్పై పేపర్లు తీసి, సైటేషన్ ఉన్న వాక్యాన్ని నువ్వే చదువు. పద్ధతి అరువు తెచ్చుకున్నారా, వాదిస్తున్నారా, మర్యాదకు పెట్టారా రాసుకో. విసుగ్గానే ఉంటుంది, నాకు తెలుసు. సంక్రాంతికి వచ్చేటప్పుడు మొదటి ముప్పై తీసుకురా, ఇద్దరం కూర్చుని చదువుదాం.

మీ పెదనాన్న