వ్యాయామం అయిన అరగంటలోపే ప్రొటీన్ తీసుకోవాలా?

అక్కర్లేదు, అరగంట గడువు కన్నా రోజు మొత్తంలో ఎంత ప్రొటీన్ తింటున్నారన్నదే కండకు ముఖ్యం. బరువులు ఎత్తాక కండరం తనను తాను బాగుచేసుకునే పని అరగంటలో ముగిసిపోదు, దాదాపు 24 గంటలు చురుగ్గా సాగుతుంది. పైగా వ్యాయామానికి రెండు గంటల ముందు తిన్న భోజనం అప్పటికింకా అరుగుతూనే ఉంటుంది, అందులోని ప్రొటీన్ రక్తంలోకి చేరుతూనే ఉంటుంది.

కండ పెంచుకోవాలనుకునేవారికి శరీర బరువులో కిలోకు రోజుకు సుమారు 1.6 గ్రాముల ప్రొటీన్ సరిపోతుంది. 70 కిలోల మనిషికి 112 గ్రాములు. నాలుగు పూటలకు పంచితే పూటకు 28. సాయంత్రం 6కి వ్యాయామం ముగించి 8కి భోంచేసినా నష్టం లేదు. పరగడుపున చేసేవారి సంగతి వేరు. రాత్రి నుంచి కడుపు ఖాళీ కాబట్టి వాళ్లు త్వరగా తినడమే మంచిది.

ప్రొటీన్ షేక్ పది నిమిషాలు ఆలస్యమైతే పడ్డ కష్టమంతా వృథా అని చాలామంది టెన్షన్ పడతారు. అది అపోహ. ట్రైనర్లు క్లయింట్ చేత గడియారం చూపించే బదులు రోజు మొత్తం ప్రొటీన్ లెక్క రాయించాలి. కిడ్నీ జబ్బు ఉన్నవారు మాత్రం డాక్టర్‌ని అడగకుండా ప్రొటీన్ పెంచకూడదు.