పక్కవాళ్ల పాప ప్లాన్ మా వాడికి పనికొస్తుందా?

ప్రశ్న: మా బాబుకి అయిదేళ్లు. ఆటిజం అన్నారు. ఇంకా మాటలు రాలేదు. పళ్లు తోముదామంటే చాలు, చేయి కొరుక్కుంటాడు. తెలిసినవాళ్లు తమ పాప థెరపీ ప్లాన్ ఇచ్చారు. అదే మొదలుపెట్టనా?
– ఒక తల్లి

జవాబు: వద్దమ్మా. ఒక పిల్ల పని తప్పించుకోవడానికి కొరుక్కుంటుంది, ఇంకో పిల్లాడు చెవిపోటు చెప్పలేక కొరుక్కుంటాడు. మీవాడి కారణం ముందు తేలాలి. ఒక వారం నోట్‌బుక్‌లో రాయండి: ముందు ఏం జరిగింది, వాడేం చేశాడు, వెంటనే మీరేం చేశారు. "మొండికేశాడు" అని కాదు. "బ్రష్ చూపించగానే కుడిచేయి కొరుక్కున్నాడు, బ్రష్ పక్కన పెట్టేశాను" అని. ఆ చివరి ముక్కలోనే సగం ప్లాన్ ఉంది. కొరుక్కుంటే బ్రష్ పోతుందని వాడికి తెలిసిపోయిందన్నమాట. అదే నిజమైతే, 'ఆపు' అనే బొమ్మకార్డు చేతికివ్వడం నేర్పాలి. ఇచ్చిన ప్రతిసారీ మొదట్లో వెంటనే ఆపేయాలి. అల్లరితో పిల్లలు సాధించుకునేదాన్ని మాటతోనో, సైగతోనో సాధించుకోగలరని 1985లో కార్, డ్యూరండ్ అనే పరిశోధకులు చూపించారు. తర్వాత మెల్లగా, రెండు పళ్లు తోమాకే ఆపడం.

అన్నట్టు, పళ్ల డాక్టరుకి చూపించారా? పిప్పిపన్ను నొప్పికి ఏ కార్డూ పనిచేయదు.

బాబుతో కాసేపు కూర్చోకుండానే అచ్చువేసిన ప్లాన్ చేతిలో పెట్టే థెరపిస్టు మనకొద్దు. అందులో 'చేతులు ఊపడం మాన్పించాలి' అని ఉంటే నేనైతే కొట్టేయిస్తాను. ఆటిజం ఉన్న పిల్లల్లో చాలామందికి ఉండే అలవాటే అది, ఊపితే ఎవరికేం నష్టం? రక్తం వచ్చేలా కొరుక్కుంటుంటే మాత్రం నోట్‌బుక్ కోసం ఆగకండి, వెంటనే డాక్టరు దగ్గరికి తీసుకెళ్లండి.