ఇంట్లో తిండి వృథా తగ్గాలంటే ముందు చెత్తబుట్టను తూకం వేయండి

"రోజూ ఏదో ఒకటి పారబోయాల్సి వస్తోంది, ఎలా తగ్గించుకోవాలి? తిండి విలువ పిల్లలకు ఎలా తెలిసొస్తుంది?" అని అడిగారు. ఈ ప్రశ్న ఎవరడిగినా జవాబు పళ్ళెం దగ్గరే మొదలవుతుంది: పెట్టింది పూర్తిగా తినాలి, మెతుకు వదలకూడదు అని. పళ్ళెంలో వదిలింది కంటికి కనబడుతుంది కాబట్టి కోపమంతా దాని మీదే. కానీ సరుకులు కొనేటప్పుడు, బియ్యం కొలిచేటప్పుడు, ఫ్రిజ్‌లో సర్దేటప్పుడు జరగాల్సిన నష్టం అప్పటికే జరిగిపోయి ఉంటుంది. పిల్లాడు వదిలిన రెండు ముద్దల కంటే ఫ్రిజ్ అడుగున కుళ్ళిన ఆకుకూర కట్ట బరువెక్కువ. నమ్మకం కుదరకపోతే తూచి చూడండి.

తూచమనడం మాటవరసకు కాదు, నిజంగానే. మూత ఉన్న డబ్బాలు రెండు పెట్టుకోండి. ఒకదాంట్లో తొక్కలు, టెంకలు, ఎముకలు, గుడ్డు పెంకులు, అంటే ఎలాగూ తినలేనివి. రెండోదాంట్లో మొన్నటిదాకా తినగలిగి ఉండి ఇవాళ పారేయాల్సి వచ్చినవి. సింకులో పోసేసే పాలు, మిగిలిన కూర కూడా ఈ లెక్కలోకే వస్తాయి. వాటిని గిన్నెతో సహా తూచి, పారబోశాక ఖాళీ గిన్నె బరువు తీసేయండి. పక్కనే ఒక కాగితం పెట్టుకుని ఏ వస్తువు, ఎన్ని గ్రాములు, ఎందుకు పారేశాం అని రాయండి. కారణాలు నాలుగు చాలు: ఎక్కువ కొన్నాం, ఎక్కువ వండాం, మరిచిపోయాం, ఎవరికీ నచ్చలేదు. ఏడు రోజులు ఇలా చేయండి. ఆ వారం అలవాట్లేమీ మార్చుకోవద్దు. చాలామంది ఇక్కడే తప్పు చేస్తారు. తూకం పెట్టగానే జాగ్రత్త పడిపోతారు, దాంతో అసలు లెక్క దొరక్కుండా పోతుంది.

ఐక్యరాజ్యసమితి పర్యావరణ కార్యక్రమం 2024లో ఇచ్చిన నివేదిక ప్రకారం, 2022లో ప్రపంచంలోని ఇళ్ళు, హోటళ్ళు, దుకాణాలు కలిపి 105 కోట్ల టన్నుల ఆహారాన్ని వృథా చేశాయి. అందులో 60 శాతం ఇళ్ళదే. ఇళ్ళ వాటా మనిషికి ఏడాదికి 79 కిలోలు, అంటే రోజుకు 200 గ్రాముల పైమాటే. ఆ లెక్కలో తొక్కలు, ఎముకలు కూడా కలిసి ఉన్నాయి. రెండు డబ్బాలు పెట్టుకోమన్నది అందుకే. మీ చేతిలో ఉన్నది రెండో డబ్బా బరువు తగ్గించడం.

ఇక కొలత సంగతి. బియ్యం ఎప్పుడూ చేతి వాటంగా పోయకండి. పెద్దవాళ్ళకు పూటకు 75 నుంచి 90 గ్రాముల బియ్యం, చిన్నపిల్లలకు అందులో సగం. మీ ఇంటి గ్లాసులో ఒక్కసారి తూచి ఆ మట్టం దగ్గర గీత గీసుకుంటే జీవితాంతం సరిపోతుంది. బియ్యం ఉడికాక బరువు రెండున్నర నుంచి మూడు రెట్లవుతుంది. "ఎందుకైనా మంచిది" అని వేసే అదనపు గుప్పెడే మర్నాడు గిన్నె అడుగున గరిటెడు అన్నమై తేలుతుంది. ఆ గరిటెడు అన్నాన్ని కాస్త దగ్గరగా చూడండి. బరువు 75 గ్రాములుంటుంది. అంటే 25 గ్రాముల బియ్యం, వెయ్యికి పైగా గింజలు. వరి వెన్నుకు, అంటే గింజలు పట్టే కంకికి, నూరు నూటయాభై గింజలు ఉంటాయనుకుంటే అది దాదాపు పది వెన్నుల పంట. కిలో బియ్యం తయారవడానికి ప్రపంచ సగటున సుమారు 2,500 లీటర్ల నీరు పడుతుంది, వాన నీటితో కలిపి. ఆ లెక్కన మీ గరిటెలో 60 లీటర్లకు పైగా నీళ్ళున్నాయి. రోజుకో గరిటె పారేస్తే ఏడాదికి 9 కిలోల బియ్యం పోయినట్టు.

మిగిలిన అన్నం దాచుకునే చోట ఒక ప్రమాదం ఉంది, అది చెప్పకుండా "పారేయొద్దు" అనడం తప్పు. బియ్యంలో బాసిల్లస్ సిరియస్ అనే సూక్ష్మజీవి బీజాలు ఉంటాయి. ఉడికించినా అవి చావవు. అన్నం గోరువెచ్చగా గంటల తరబడి బయట ఉంటే అవి మొలకెత్తి విషపదార్థాన్ని తయారుచేస్తాయి. ఆ విషం మళ్ళీ వేడిచేసినా పోదు. రాత్రంతా పొయ్యి మీద వదిలేసిన గిన్నెను పొద్దున పొగలు వచ్చేలా వేడిచేసి తినడం క్షేమమనుకుంటారు, అది క్షేమం కాదు. తిన్న వెంటనే మిగిలినదాన్ని వెడల్పాటి పళ్ళెంలో పలచగా పరిచి, గంటలోపు చల్లార్చి, మూత పెట్టి ఫ్రిజ్‌లో పెట్టండి. ఒక రోజులోపు తినేయండి. వేడిచేయడం ఒక్కసారే, లోపలిదాకా ఆవిరి రావాలి. కూరలైతే చల్లార్చి ఫ్రిజ్‌లో పెడితే మూడు నాలుగు రోజులు ఉంటాయి. లోతైన గిన్నెలో కాకుండా రెండంగుళాల మందం మించని డబ్బాల్లో పోయండి. లోతు ఎక్కువైతే పైన చల్లబడ్డా నడిమధ్య గంటల తరబడి వెచ్చగానే ఉంటుంది.

ఇప్పుడు ఆకుకూర కట్ట. ఇంట్లో పాడయ్యే వాటిలో అన్నిటికంటే ముందుండేది ఇదే, పైగా నిలవ చేయడం సులువే. తెచ్చిన ప్లాస్టిక్ కవరుతోనే ఫ్రిజ్‌లోకి తోస్తే లోపల ఏం జరుగుతుందో చూడండి. ఆకు కోసిన తర్వాత కూడా ఊపిరి పీలుస్తూనే ఉంటుంది, చెమ్మ వదులుతూనే ఉంటుంది. ఆ చెమ్మ కవరు లోపలి గోడకు చుక్కలుగా పట్టి మళ్ళీ ఆకుల మీదే కారుతుంది. కట్ట మధ్యలో, దారమో రబ్బరు బ్యాండో బిగించిన చోట, కాడలు నలిగి ఉంటాయి. కుళ్ళు అక్కడే మొదలవుతుంది, పైకి కట్ట పచ్చగానే కనబడుతుంది. మూడో రోజు విప్పితే లోపలంతా జిగట. కాబట్టి ఇంటికి రాగానే చేయాల్సిన మొదటి పని ఆ కట్టు విప్పడం. పసుపు పడినవి, నలిగినవి ఏరేయండి. వెంటనే కడగొద్దు. కడగాల్సి వస్తే నీళ్ళు పూర్తిగా విదిలించి, ఫ్యాను కింద అరగంట ఆరనివ్వండి. పొడి నూలు గుడ్డలో వదులుగా చుట్టి, మూత ఉన్న డబ్బాలో పెట్టండి. గుడ్డ అదనపు చెమ్మను పీల్చుకుంటుంది, డబ్బా ఆకు ఎండిపోకుండా కాపాడుతుంది. రెండు రోజులకోసారి గుడ్డ మార్చండి. ఇలా పెడితే వారం దాటినా కాడ విరిస్తే చిటుక్కుమంటుంది. కొత్తిమీర, పుదీనా అయితే కాడల కొసలు కత్తిరించి, రెండంగుళాల నీళ్ళున్న గ్లాసులో పువ్వుల్లా నిలబెట్టినా సరే. నీళ్ళు రోజు విడిచి రోజు మార్చాలి.

వడలిపోయిన ఆకు పాడైపోయిన ఆకు కాదు, దానికి దాహం వేసిందంతే. చల్లని నీళ్ళలో పావుగంట ముంచితే మళ్ళీ నిలబడుతుంది. జిగట, దుర్వాసన వస్తేనే పారేయాలి.

పక్కపక్కన పెట్టకూడనివి కొన్ని ఉన్నాయి. అరటి, యాపిల్, పండిన టమాటా ఇథిలీన్ అనే వాయువు వదులుతాయి. పక్కనున్న ఆకుకూర ఆ గాలికి పసుపు పడుతుంది, దోసకాయ మెత్తబడుతుంది, క్యారెట్ చేదెక్కుతుంది. ఉల్లిపాయల్ని, బంగాళాదుంపల్ని ఒకే బుట్టలో కలపొద్దు. దుంపల చెమ్మకు ఉల్లి మొలకలెత్తుతుంది. దుంపలు చీకట్లో, గాలి ఆడే చోట ఉండాలి. వెలుతురు తగిలి ఆకుపచ్చగా మారితే సోలనిన్ అనే విషపదార్థం చేరిందనడానికి గుర్తు. కొంచెమైతే ఆ భాగం లోతుగా కోసేయండి, ఎక్కువైతే దుంపనే వదిలేయండి. ఫ్రిజ్‌లో మాత్రం పెట్టొద్దు, అందులోని పిండిపదార్థం చక్కెరగా మారి వేయించినప్పుడు నల్లగా మాడుతుంది. టమాటా కూడా పండేదాకా బయటే. చల్లదనానికి దాని రుచి చచ్చిపోతుంది.

ఫ్రిజ్ అంటే బీరువా అనుకునేవాళ్ళను చూస్తే బాధగా ఉంటుంది. సందు లేకుండా కుక్కితే చల్లగాలి తిరగదు, వెనకున్నది కనబడదు. కనబడనిదాన్ని ఎవరూ వండరు. ఒక గ్లాసు నీళ్ళు మధ్య అరలో రాత్రంతా ఉంచి, పొద్దున అందులో థర్మామీటరు పెట్టి చూడండి. 4, 5 డిగ్రీల సెల్సియస్ ఉండాలి. 8 చూపిస్తుంటే మీ పాలు ముందే విరిగిపోవడంలో వింతేమీ లేదు. తలుపు అరలు అన్నిటికంటే వెచ్చగా ఉంటాయి, పాలు అక్కడ పెట్టకండి. పచ్చళ్ళు, సాస్‌లు పెట్టుకోండి. పచ్చి మాంసం, చేపలు అడుగు అరలో ఉండాలి, రసం కారినా కిందేమీ ఉండదు. కంటికి ఎదురుగా ఉన్న అరలో ఒక పళ్ళెం పెట్టి "ముందు ఇవి" అని చీటీ అంటించండి. రేపటికల్లా తినేయాల్సినవన్నీ అందులోకి రావాలి. వంట మొదలుపెట్టేవాళ్ళు ముందు ఆ పళ్ళెం చూడాలి. మరిచిపోయి పారేసేవాటికి నాకు తెలిసిన మందు ఇదొక్కటే, దీనికి ఖర్చు లేదు.

ఫ్రీజర్ మైనస్ 18 డిగ్రీల దగ్గర ఉంటే చాలా వాటిని కాపాడుతుంది, చేసే పద్ధతి సరిగ్గా ఉంటే. మగ్గిన అరటిపళ్ళను తొక్క తీసి పెట్టాలి, తొక్కతో పెడితే గడ్డకట్టాక వలవడం నరకం. టమాటాలు అలాగే వేసేయొచ్చు, వేడినీళ్ళు పోస్తే తొక్క దానంతటదే ఊడొస్తుంది. ఆకుకూరల్ని మరిగే నీళ్ళలో రెండు నిమిషాలు ముంచి, ఐసునీళ్ళలో వేసి, గట్టిగా పిండి, ఒక పూటకు సరిపడా ముద్దలుగా పెట్టుకోవాలి. ముంచకుండా పెడితే ఎంజైములు పని చేస్తూనే ఉంటాయి, రంగూ రుచీ పోతాయి. బ్రెడ్డు ఫ్రిజ్‌లో పెడితే బయటి కంటే త్వరగా గట్టిపడుతుంది. పెడితే ఫ్రీజర్‌లో పెట్టండి, ముక్కలుగా కోసి. ప్రతి డబ్బా మీదా పేరు, తేదీ రాయాలి. పేరులేని డబ్బా ఆరు నెలలకు చెత్తలోకే వెళ్తుంది.

బూజు విషయంలో పొదుపు వద్దు. బ్రెడ్డు, పెరుగు, మెత్తటి పండ్ల మీద బూజు కనబడితే దాని పోగులు కంటికి కనబడకుండా లోపలికి పాకి ఉంటాయి, మొత్తం పారేయండి. క్యాబేజీ, క్యారెట్ లాంటి గట్టివైతే బూజు చుట్టూ అంగుళం మేర కోసేసి వాడుకోవచ్చు. బూజుపట్టిన వేరుశనగలు మాత్రం ఒక్కటి కూడా వద్దు. ఆ బూజు వదిలే అఫ్లాటాక్సిన్ అనే విషం వేయించినా పోదు. ప్యాకెట్ మీది తేదీల్లో రెండు రకాలున్నాయి. "ఈ తేదీలోపు వాడాలి" అన్నది ఆరోగ్యానికి సంబంధించింది, దాన్ని దాటకూడదు. "ఈ తేదీ వరకు శ్రేష్ఠం" అన్నది రుచికి, నాణ్యతకు సంబంధించింది. సరిగ్గా నిలవ ఉన్న బిస్కెట్లు, పప్పులు ఆ మర్నాడే విషమైపోవు. ఈ రెండూ ఒకటే అనుకుని పారేస్తున్న తిండికి లెక్కలేదు.

మిగిలినవాటితో కొత్త వంటలు చూపించే వీడియోల గురించి ఒక మాట. కప్పు అన్నం వాడుకోవడానికి ఎనిమిది కొత్త సరుకులు కొనమంటారు. వాటిలో సగం మళ్ళీ మిగులుతాయి. "రెండు కొంటే ఒకటి ఉచితం" కూడా ఇలాంటిదే. ఆ మూడోది మీ రెండో డబ్బాలో తేలితే అది ఉచితం కాదు. జాబితా రాసుకునే ముందు ఫ్రిజ్ తెరిచి ఫోటో తీసుకెళ్ళండి చాలు.

కంపోస్టును కూడా వృథాకు మందులా చెప్తున్నారు. అది తొక్కలకు మందు, తినగలిగిన తిండికి కాదు. ఒక వంతు పచ్చి చెత్తకు రెండు మూడు వంతులు ఎండుటాకులు, పిడికిట పిండితే ఒకటి రెండు చుక్కలు రాలేంత తడి. కుళ్ళిన గుడ్ల వాసన వస్తే గాలి ఆడట్లేదని, ఘాటుగా అమ్మోనియా వాసన వస్తే పచ్చిది ఎక్కువైందని. రెండిటికీ ఎండుటాకులు వేసి తిరగేయడమే.

ఇక పిల్లలు. పళ్ళెం ఖాళీ చేయమని బలవంతపెట్టకండి. కడుపు నిండాక కుక్కించిన ముద్ద కూడా వృథాయే, పైగా ఆకలిని గుర్తుపట్టే అలవాటు చెడుతుంది. తక్కువ పెట్టి, కావాలంటే మళ్ళీ పెట్టండి. రైతు కష్టం గురించి ఉపన్యాసాలు చెవికెక్కవు. ఒక బకెట్‌లో వరి మొక్క పెంచనివ్వండి.

అడుగున చిల్లు లేని, ఒక అడుగు లోతున్న బకెట్ తీసుకోండి. బంకమట్టి ఎక్కువున్న మన్ను ముప్పాతిక వంతు నింపాలి. విత్తనం పొట్టుతో ఉన్న వడ్లే కావాలి. బియ్యం మొలవవు, పాలిష్‌లో మొలక భాగం పోతుంది. ఒక రోజు నానబెట్టి, తడిగుడ్డలో మూటకట్టి మరో రోజో రెండు రోజులో ఉంచితే తెల్లగా మొలక వస్తుంది. చిన్న తొట్టిలో చల్లండి. 20 నుంచి 25 రోజుల నారును బకెట్‌కు ఒక్క మొక్క చొప్పున నాటండి. మొక్క చుట్టూ అంగుళం, అంగుళంన్నర నీరు చాలు. మొదట్లోనే నిండుగా నీళ్ళు పెడితే పిలకలు, అంటే మొదలు నుంచి వచ్చే పక్క కాడలు, తక్కువ వేస్తుంది, నీడలో పెట్టినా అంతే. దోమలు రాకుండా వారానికి రెండు రోజులు నీరు ఇంకిపోయి బురద తేలనివ్వండి. పొట్ట దశ (వెన్ను ఇంకా కాడ లోపలే ఉండి కాడ ఉబ్బే దశ) నుంచి పూత అయ్యేదాకా మాత్రం ఎండనివ్వకూడదు. అప్పుడు నీరు తగ్గినా, చలి పడినా గింజలు తాలుపోతాయి. గింజ పాలు పోసుకునేటప్పుడు నొక్కి చూడమనండి, తెల్లటి పాలు వస్తాయి. పిట్టలకు కూడా అది తెలుసు, వల కట్టాల్సింది అప్పుడే. కోతకు పది రోజుల ముందు నీరు ఆపేయాలి.

విత్తిన నాలుగు నెలలకు, పది పన్నెండు వెన్నులతో, ఆ ఒక్క మొక్క 25 గ్రాముల వడ్లు ఇస్తే బాగా పండినట్టే. రోట్లో మెల్లగా దంచి, చెరిగి, పొట్టు ఊదేస్తే 20 గ్రాముల ముడిబియ్యం మిగులుతుంది. ఉడికిస్తే గరిటె కూడా నిండదు. ఆ అన్నం పిల్లల చేతే వండించండి. దంచే ముందే గుప్పెడు గింజలు పక్కన తీసి ఎండబెట్టి ఉంచండి, వచ్చే ఏటి బకెట్‌కు విత్తనం కావాలి.