బెంగళూరు మారతహళ్లిలో మేడ మీద నుంచి పడమట కనిపించిన ఆ వెలుగు ఎగిరే పళ్లెమా?

పొద్దుగూకాక గంటకు పైగా వెలిగి, మెల్లగా కిందికి దిగి మాయమైందన్నారు కదా, అది శుక్రుడే అయ్యుంటుంది. ఊళ్లో తెల్లవారుజామున వేగుచుక్క అంటామే, అదే. సూర్యుడికి సుమారు 47 డిగ్రీలకు మించి ఎడంగా జరగదు కాబట్టి సాయంత్రమైతే పడమట, వేకువనైతే తూర్పున కనిపిస్తుంది. పక్కనుంచి మబ్బులు పోతుంటే అదే పరిగెడుతున్నట్టు ఉంటుంది. బాగా కిందికి దిగినప్పుడు గాలి పొరల వల్ల ఎరుపు, ఆకుపచ్చ తళుకులు కూడా కనిపిస్తాయి. టెన్షన్ పడకండి. 2012-13లో లడఖ్‌లో మన సైనికులే శుక్రుణ్ణి, గురుణ్ణి చైనా డ్రోన్లనుకున్నారు; సంగతి తేల్చింది మీ బెంగళూరులోని భారత ఖగోళ భౌతిక సంస్థ శాస్త్రవేత్తలే. రేపు సరిగ్గా అదే వేళకు, అదే చోట నిలబడి, వాటర్ ట్యాంకు అంచు గుర్తుగా పెట్టుకుని చూడండి. ఇంచుమించు అక్కడే ఉంటుంది.