థ్రిఫ్ట్ స్టోర్‌లో కప్పు నచ్చితే ముందు బోర్లించి చూడు

"అక్కా, మాది చిత్తూరు. ఈ ఆగస్టులోనే చదువుకోడానికి అమెరికాలో రాలీకి వచ్చాను. వాడిన సామాను అమ్మే థ్రిఫ్ట్ స్టోర్లలో చేత్తో చేసిన కప్పులు, గిన్నెలు చవగ్గా దొరుకుతున్నాయి. కొనుక్కోవచ్చా? ఎవరో తాగిన కప్పు మనకెందుకని అమ్మ తిడుతోంది" అని ఒకమ్మాయి అడిగింది.

కొనుక్కో తల్లీ. అందులోనూ నువ్వు దిగింది నార్త్ కరోలైనాలో. రాలీ నుంచి గంటన్నర లోపే సీగ్రోవ్ అనే చిన్న ఊరు ఉంది, తరతరాలుగా కుండలు చేసే కుటుంబాలు ఆ చుట్టుపక్కలే ఉన్నాయి. అక్కడ కొత్త కప్పు కొనాలంటే ముప్పై డాలర్లకు అటూఇటూ అవుతుంది. ఇక్కడివాళ్లు పెళ్లిళ్లకూ పండగలకూ అవి కొని ఒకరికొకరు ఇచ్చుకుంటారు, తర్వాత ఇల్లు మారినప్పుడో పెద్దవాళ్లు పోయినప్పుడో పిల్లలు అన్నీ అట్టపెట్టెల్లో సర్ది గుడ్‌విల్ అనే థ్రిఫ్ట్ స్టోర్‌లో ఇచ్చేస్తారు, ధర వేసేవాళ్లకు అది ఎవరి చేతిదో తెలియదు కాబట్టి మూడు డాలర్ల స్టిక్కర్ వేసి ప్లాస్టిక్ గ్లాసుల పక్కన పెడతారు.

అమ్మ మాటలో న్యాయం లేకపోలేదు. పలమనేరు కుండ తక్కువ వేడిలో కాలుతుంది, మట్టిలో సన్న రంధ్రాలు మిగులుతాయి, అందుకే నీళ్లు చల్లబడతాయి, అందుకే అంటిందేదీ పూర్తిగా వదలదు కూడా. ఇక్కడి స్టోన్‌వేర్ 1200 డిగ్రీల సెంటీగ్రేడ్ పైన కాలుతుంది. ఆ వేడికి మట్టి గట్టిపడి నీళ్లు పీల్చడం దాదాపు మానేస్తుంది. మీ ఇంట్లో ఆవకాయ పెట్టే జాడీదీ ఇదే జాతి. అది చూపించి చెప్పు, ఒప్పుకుంటుంది. ఒప్పుకోకపోతే పెన్నులు పెట్టుకో, గొడవుండదు.

ఇక చేతి పని అని గుర్తుపట్టడం. పైన రంగు చూసి మోసపోకు, బోర్లించు. నేలకు ఆనే అంచు దగ్గర గ్లేజ్, అంటే గాజులాంటి పూత, లేకుండా పచ్చిమట్టి రంగు, గరుగ్గా, బూడిద రంగులోనో గోధుమ రంగులోనో కనిపిస్తే అదొక మంచి గుర్తు. అక్కడే మేకుతో గీకినట్టు సంతకమో, చిన్న ముద్రో ఉంటుంది. స్టోర్ స్టిక్కర్ సరిగ్గా దాని మీదే అంటిస్తారు, ఎందుకో మరి, కాబట్టి గోటితో కొంచెం లేపి చూడు. తర్వాత లోపల వేలు పెట్టి కింద నుంచి పైకి రాయి. సారె మీద లాగినప్పుడు పడ్డ చుట్లు వేలికి మెట్లుమెట్లుగా తగులుతాయి. హ్యాండిల్ కింది కొస దగ్గర బొటనవేలు నొక్కిన గుంట కూడా ఒక్కోసారి ఉంటుంది. రెండు పక్కలా నిలువుగా సన్నటి గీత ఉందంటే అచ్చులో పోసింది. చివరగా అరచేతిలో పెట్టుకుని వేలి కణుపుతో కొట్టు. ఖంగుమంటే సరే, చప్పగా మోగితే ఎక్కడో బీట ఉంది, వదిలెయ్. మన పెద్దవాళ్లు కుండ కొనేటప్పుడు చేసేదీ ఇదే.

ముద్ర ఫోటో తీసి గూగుల్ లెన్స్‌లో పెట్టు, లేదా ది మార్క్స్ ప్రాజెక్ట్ అని అమెరికన్ స్టూడియో కుమ్మరుల ముద్రల వెబ్‌సైట్ ఉంది, అందులో వెతుకు. బూడిదరంగు జగ్గు పైన నారింజ తొక్కలాగా గుంటలు గుంటలుగా ఉంటే అది సాల్ట్ గ్లేజ్. బట్టీ బాగా వేడెక్కాక అందులో ఉప్పు చల్లుతారు, ఆ ఆవిరే మట్టికి పూతగా పట్టుకుంటుంది.

అన్నీ తినడానికి పనికిరావు, ఇది మాత్రం జాగ్రత్తగా విను. పాత గ్లేజుల్లో సీసం ఉండొచ్చు, పులుపు తగిలితే అది దిగుతుంది. చారు, పులుసు, పెరుగు, ఊరగాయ ఏవీ ఊరూపేరూ తెలియని పాత గిన్నెల్లో పోయొద్దు. ఇంట్లో చేసుకునే టెస్ట్ కిట్‌లో రంగు మారలేదంటే సీసం లేనట్టు కాదు. 1936లో మొదలైన ఫియెస్టా అనే అమెరికన్ బ్రాండ్ ప్లేట్లలో పాత ఎరుపు రంగుకైతే యురేనియం వాడేవాళ్లు, 1943లో యుద్ధం కోసం ప్రభుత్వమే యురేనియం తీసేసుకుంటే ఆ రంగు ఆగిపోయి 1959లో మళ్లీ వచ్చింది. అలాంటివి గోడకో అల్మరాకో అందం, అంతే.

వింత వస్తువుల్లో నాకు ఇష్టం ఫేస్ జగ్గులు. గుడ్లు మిటకరించి, పళ్లు బయటపెట్టిన ముఖాలు. మీ అమ్మ చూస్తే కొత్త ఇంటికి దిష్టిబొమ్మ దొరికిందంటుంది. 19వ శతాబ్దం మధ్యలో సౌత్ కరోలైనాలోని ఎడ్జ్‌ఫీల్డ్‌లో బానిసలుగా ఉన్న నల్లజాతి కుమ్మరులు చేసిన జగ్గుల నుంచి వచ్చిన సంప్రదాయం అది. అసలు పాతది మూడు డాలర్లకు దొరకడం కల్ల, కొత్తవి అప్పుడప్పుడు తగులుతాయి. మురాదాబాద్ ఇత్తడి నెమళ్లు మాత్రం ఎక్కడ చూసినా కనిపిస్తాయి. ఇంకోటి, మూత మర చుట్లతో గట్టిగా బిగిసే అందమైన చెంబు కనబడితే మురిసిపోకుండా మూత తీసి చూడు, అస్థికలు పెట్టుకునేది అయ్యుండొచ్చు. కుక్క పాదం బొమ్మ ఉంటే ఇక సందేహమే లేదు, ఎవరి పెంపుడు కుక్కదో!

మే నెలలో కాలేజీలు ఖాళీ అయ్యేటప్పుడు, నెలాఖర్లలో సరుకు బాగా వస్తుంది. చాలాచోట్ల వారానికో రంగు ట్యాగ్‌కు డిస్కౌంట్ కూడా ఉంటుంది.

నువ్వు అడగలేదు కానీ మీ వయసువాళ్లు చాలామంది అడుగుతున్నారు కాబట్టి చెబుతున్నా. ఇక్కడ మూడుకు కొని ఆన్‌లైన్‌లో ముప్పైకి అమ్ముదామని ఎఫ్-1 స్టూడెంట్ వీసా మీద ఉండి మొదలుపెట్టొద్దు. ఇంట్లో వాడేసిన సామాను అమ్ముకోవడం వేరు, లాభానికి కొని అమ్మడం వేరు. రెండోది అనుమతి లేని పని కింద లెక్కేస్తే వీసాకే ఎసరు. ఇమ్మిగ్రేషన్ లాయర్‌ని అడిగాకే ఏదైనా.

ఇంటికి తీసుకెళ్లాలనుకుంటే హ్యాండ్ లగేజీలోనే పెట్టుకో. కప్పు లోపల సాక్సులు కుక్కి, హ్యాండిల్ సందులో కూడా గుడ్డ దూర్చి, ఆపైన టవల్ చుట్టు, విరిగేది ఎప్పుడూ హ్యాండిలే. చెన్నైలో దిగి రాణిపేట మీదుగా కార్లో వెళ్లేటప్పుడు డిక్కీలో పడేయకుండా ఒళ్లో పెట్టుకో.